కోహ్‌బర్ గోడ - గంగాదేవి రేఖ

మిథిలా ప్రాంతంలో వివాహ సమయాన వధూవరుల గది గోడపై స్త్రీలు చిత్రించే మంగళాలేఖ్యాన్ని ‘కోహ్‌బర్’ అంటారు. తామరలు, వెదురు, చేపలు, తాబేళ్లు, చిలుకలు అందులోని ముఖ్య సంకేతాలు. సంతానానికీ, దాంపత్య సౌభాగ్యానికీ అవి ప్రతీకలు. ఒక తరం స్త్రీల చేతినుండి మరొక తరానికి సంక్రమించే ఈ రచనకు కర్త పేరు ఉండదు. తెలుగు లోగిళ్ల ముగ్గువలె చెరిగిపోవడం దాని స్వభావం. మరో పెళ్లికి మరో గోడపై అది మళ్లీ వెలుస్తుంది.

1966-67 కరవుకాలంలో అఖిల భారత హస్తకళల మండలి ఈ స్త్రీలకు కాగితం అందించింది. గోడమీది బొమ్మ అంగడికి చేరింది. గీసిన చేతికి పేరు వచ్చింది. ఈ అవకాశాన్ని ఎంతో లోతుగా వినియోగించుకున్న చిత్రకారిణి గంగాదేవి (1928-1991). కాయస్థ స్త్రీల సన్నని గీతల ‘కచ్నీ’ పద్ధతి ఆమెకు పుట్టింటి సొత్తు. ఆ గీతతోనే గ్రామీణ స్త్రీ జీవితక్రమాన్ని ‘మానవ జీవన్’ చిత్రమాలికగా రచించారు. 1985లో భారతోత్సవాల సందర్భంగా అమెరికా వెళ్లి అక్కడి రోలర్ కోస్టర్‌ను చిత్రించారు. తుదకు క్యాన్సర్ చికిత్సానుభవాన్ని సైతం ఆ రేఖలోకే తెచ్చారు. వారసత్వంగా వచ్చిన భాషలో సొంత మాట చెప్పడమే ఆమె ప్రతిభ.

ఆ వ్యాధితో పోరాడుతూనే ఢిల్లీ ప్రగతి మైదానంలోని హస్తకళా మ్యూజియంలో ఒక గది గోడలపై ఆమె కోహ్‌బర్‌ను చిత్రించారు. 2015లో మ్యూజియం పునరుద్ధరణ పనులలో ఆ గోడలకు సున్నం పడింది.

చెరిగిపోవడం ఆచారమే గదా అనే సమాధానం ఇక్కడ చెల్లదు. పల్లెలో ఒక గోడ చెరిగితే అదే ఇంటినుండి మరొక చేయి కుంచె పడుతుంది. మ్యూజియంలో పెళ్లీ లేదు, కుంచె అందుకునే కూతురూ లేదు. అక్కడ నిలిచినది గంగాదేవి హస్తం ఒక్కటే. ఆస్ట్రేలియా ఆదివాసి చిత్రకారిణి ఎమిలీ కామే ఉంగ్వారే విషయంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. స్త్రీల క్రతువులలో ఒంటిపై దిద్దే రేఖలను ఆమె 1980ల చివర కాన్వాసుపైకి తెచ్చారు. ఒంటిమీది రేఖ క్రతువుతో ముగుస్తుంది. ఆమె కాన్వాసులను కాన్‌బెరా జాతీయ చిత్రశాల భద్రపరుస్తున్నది.

ఒక ఆచారాన్ని కళాఖండంగా ఆహ్వానించిన సంస్థ దాని రక్షణభారాన్ని కూడ స్వీకరించినట్లే. గోడపై ఉన్నంతమాత్రాన చిత్రం మరమ్మతుల పద్దులోకి రాదు. మిథిలా పల్లెలలో కోహ్‌బర్ నేటికీ వెలుస్తూనే ఉంది. గంగాదేవి గీసిన గోడ మాత్రం తిరిగి రాదు.