తెరచిన పరిశోధన, మూయవలసిన రిజిస్టరు: కోనసీమ సంఘ చరిత్ర రచనపై ఒక విమర్శ

పరిశోధనలో బహిరంగ పద్ధతులను అవలంబించాలన్న మాట మన వేదాంత కళాశాలల్లో కూడ వినబడుచున్నది. 2002లో వెలువడిన బుడాపెస్టు ప్రకటన ఈ చర్చకు ఒక రూపమిచ్చింది. మన దేశములో యు.జి.సి. 2009లో తెచ్చిన నిబంధనల వలన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించవలసి వచ్చింది. శోధగంగలో వాటిని ఎవరైనను చదువవచ్చును. ఈ మార్గమును మేము సమర్థిస్తున్నాము. అయితే మనలో జరుగుతున్న చర్చలో రెండు లోపాలున్నవి. బహిరంగత అంటే గ్రంథమును కంప్యూటరులోనికి ఎక్కించుటయే అనుకొనుట మొదటిది. తెరచిన కాగితము వలన ఎవరికి నష్టము కలుగునో అడుగకపోవుట రెండవది. కోనసీమ సంఘ చరిత్రను ఆధారముగా చేసికొని ఈ రెంటిని పరిశీలిద్దాము.

విలియం బౌడెన్, జార్జి బీర్ అను మిషనరీలు 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలసి ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చి, నరసాపురము కేంద్రముగా సేవ ఆరంభించారు. వసిష్ఠ గోదావరి దాటితే రాజోలు సీమ. గోదావరి డెల్టా మిషన్ అని పేరుపొందిన ఆ సేవ అమలాపురము వరకు విస్తరించింది. ఈనాడు బ్రదరెన్ ఉద్యమమునకు సంబంధించిన ప్రధాన పత్రభాండాగారము మాంచెస్టరులోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయములో ఉన్నది. దొరల ఉత్తరాలు ఆ విధముగా భద్రపడినవి. వారి వెంట పేటపేటకు నడచిన స్థానిక సువార్తికుల, బైబిలు స్త్రీల మాటలు చాలవరకు కుటుంబాల జ్ఞాపకములోనే మిగిలినవి.

కనుకనే మన విద్యార్థులు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘ పెద్దల యొద్దకు వెళ్లి సాక్ష్యాలు సేకరిస్తారు. అది మెచ్చదగిన పని. కాని తరువాత జరుగుచున్నదేమి? గ్రంథము ఇంగ్లీషులో తయారై కళాశాల బీరువాలో చేరుచున్నది. రికార్డు చేసిన సంభాషణ పరిశోధకుని ఇంట్లోనే ఉండిపోవుచున్నది. సాక్ష్యమిచ్చిన పెద్దకు తన మాట ఏ విధముగా వ్రాయబడినదో తెలియదు. తరువాతి పరిశోధకునికి దానిని సరిచూచుకొను అవకాశము లేదు. లూకా తన సువార్త మొదటి వచనాలలోనే తన సమాచారము ఎవరి నుండి వచ్చినదో తెలియజేసెను. బెరయ వారు పౌలు చెప్పినదానిని సైతము లేఖనాలతో పోల్చి చూచిరి. అందుకు అపొస్తలుల కార్యములు వారిని మెచ్చుకొన్నది. పరీక్షకు నిలువని సాక్ష్యము పరిశోధన అనిపించుకొనదు.

ఒకే ప్రతి ఒకే చోట ఉండుట మరియొక అపాయము. 1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనప్పుడు విలియం కేరీ బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి కాలిపోయింది. కోనసీమకు అగ్నికంటె నీటి భయమెక్కువ. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను చూచినవారికి, చెమ్మ పట్టిన మినిట్సు పుస్తకము ఎన్నాళ్లుండునో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు బహిరంగతను కోరితిమి. ఇక హద్దు సంగతి. పాత బాప్తిస్మపు రిజిస్టర్లన్నిటిని ఫొటోలు తీసి అందరికీ అందుబాటులో పెట్టాలని కొందరు ఉత్సాహపడుచున్నారు. దీనిని మేము అంగీకరింపజాలము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతముతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళకు షెడ్యూల్డు కులపు ధ్రువపత్రము నిరాకరించిన కేసులో, ఆమె బాప్తిస్మము విషయము కూడ పరిగణనలోనికి వచ్చింది. అనగా తాతకు బాప్తిస్మమిచ్చిన పాదిరి వ్రాసిన ఒక్క పంక్తి మనుమరాలి చదువునకు, ఉద్యోగమునకు అడ్డు రావచ్చును. ఆ చట్టము న్యాయమా కాదా అనునది వేరే వ్యాసమునకు విషయము. ఆ భారమును ఎవరు మోయవలెనో పరిశోధకుడు తనంతట తాను నిర్ణయించరాదని మాత్రమే ఇక్కడ మా వాదము.

అట్లని ఈ కారణము చాటున సోమరితనము దాగకూడదు. రిజిస్టరులోని పేర్లు మూయవచ్చును. ఏ దశాబ్దములో ఏ గ్రామములో ఎందరు చేరిరను లెక్కను మూయనక్కరలేదు, ఆ లెక్క వలన ఒక కుటుంబము గుర్తుపట్టబడని మేరకు. గ్రంథము తెరిస్తే ఇతరులు కాపీ కొడతారన్న భయమును కూడ వింటున్నాము. బీరువాలోని గ్రంథమును దొంగిలిస్తే పట్టుకొనేవారుండరు. అందరు చదివే గ్రంథములో దొంగతనము త్వరగా బయటపడును.

కావున పరీక్షాధికారులకు మా మనవి ఇది. క్షేత్ర పరిశోధన చేసిన ప్రతి విద్యార్థి తెలుగులో ఒక సంగ్రహమును ఆ సంఘమునకు అందజేయవలెను. సాక్ష్యము తీసికొనుటకు ముందే, దేనికి వాడుదురో, ఎవరు వినగలరో తెలుగులో వివరించి అనుమతి పొందవలెను. తరువాత వద్దన్నవారి మాటను తొలగించవలెను. సంభాషణల ప్రతులు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. ఏదైన మూసియుంచినచో ఏది, ఎందుకు, ఎంతకాలమో గ్రంథములోనే చెప్పవలెను. ఇవి లేని గ్రంథమునకు, ఇంగ్లీషు ఎంత బాగున్నను, ఆమోదము తెలుపుటకు ముందు ఆ సంఘమునకు ఏమి తిరిగి ఇచ్చితివని విద్యార్థిని అడుగవలసియున్నది.