పగుళ్లు నడిపిన కథ

మనిషిని లోపాలతో సహా ఒప్పుకోవాలని చెప్పే యానిమేషన్ సినిమాలకు కొదవ లేదు. చాలావాటిలో ఆ మాట చివరి పది నిమిషాల్లో ఎవరో ఒకరి నోట వస్తుంది, అందరూ కౌగిలించుకుంటారు, పాట మొదలవుతుంది. మాట మంచిదే, కానీ అంతవరకూ నడిచిన కథ దానికి సాక్ష్యం చెప్పదు. ఒక్కోసారి ఎదురు సాక్ష్యమే చెబుతుంది. 1941లో వచ్చిన డిస్నీ ‘డంబో’నే చూడండి. ఏనుగు పిల్ల చెవులు మరీ పెద్దవి, చూసినవాళ్లంతా నవ్వుతారు. చివరికి ఆ చెవులే రెక్కలవుతాయి, పిల్ల సర్కస్ డేరాలో ఎగురుతుంది, లోకం జేజేలు కొడుతుంది. మనసు కరిగించే సినిమా అనడంలో సందేహం లేదు. కానీ ఆ కథ నడక చెబుతున్న మాట వేరు. లోపం అద్భుతంగా పనికొస్తేనే క్షమిస్తాం అంటోందది. ఎగరలేని పెద్ద చెవుల ఏనుగుకు ఆ కథలో చోటు లేదు. దీనికి పక్కన 2003 నాటి ‘ఫైండింగ్ నీమో’ని పెడితే తేడా తెలుస్తుంది. నీమోకు ఒక పక్క రెక్క చిన్నది. సినిమా మొత్తంలో ఆ రెక్క పెరగదు, దానికి మహిమలేవీ రావు. మారేది తండ్రి మార్లిన్ భయం. పతాక సన్నివేశంలో చేపల్ని కాపాడడానికి వలలోకి వెళ్తానన్న కొడుకును అతను వెళ్లనిస్తాడు. ఆ అనుమతే ఆ కథకు ముగింపు.

లోపాన్ని ఒప్పుకోవడం సినిమాలో సంభాషణగా వస్తే చాలదని, సంఘటనగా రావాలని నేను అనుకుంటాను. ఆ ఒప్పుకోలు వల్ల ఆ కథాలోకంలో ఏదో ఒకటి కళ్లెదుట మారాలి. ఒక పాప మనసులోని భావాలే పాత్రలైన పిక్సార్ వారి ‘ఇన్‌సైడ్ అవుట్’ (2015) తయారైన తీరు ఇందుకు మంచి ఆధారం. దర్శకుడు పీట్ డాక్టర్ మొదట్లో జాయ్ అనే ఆనందానికి తోడుగా ఫియర్ అనే భయాన్ని ప్రయాణంలోకి పంపాడు. అలా చాలాకాలం పనిచేసినా కథ నిలబడలేదు. తర్వాత భయాన్ని తీసేసి ఆ స్థానంలో శాడ్‌నెస్‌ను, అంటే దుఃఖాన్ని పెట్టాడు. పైకి చూస్తే పాత్ర మార్పిడి మాత్రమే. కానీ దాంతో కథ ఇరుసే మారింది. ఆనందం దేన్ని దూరంగా ఉంచాలని తాపత్రయపడుతోందో దాన్నే వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. చివరికి ఒక బంగారు జ్ఞాపకాన్ని వెనక్కి తిప్పి చూస్తే, ఆ సంతోషానికి ముందు పాప బాధపడిందని, ఆ బాధ చూసే అమ్మానాన్నలు, ఆటలో జట్టువాళ్లు దగ్గరికి వచ్చారని జాయ్‌కి తెలుస్తుంది. అక్కడ ఉపదేశం లేదు. ఒక జ్ఞాపకంలో ముందు ఏం జరిగింది, వెనక ఏం జరిగింది అన్నదే ఉంది.

ఈ పద్ధతిని కుటుంబ కథలోకి తెచ్చి, ఇంకా కష్టమైన పరీక్షకు నిలబెట్టిన సినిమా ‘ఎన్‌కాంటో’. 2021లో విడుదలైన ఇది డిస్నీ యానిమేషన్ స్టూడియో అరవయ్యో సినిమా. బైరన్ హోవర్డ్, జేరెడ్ బుష్ దర్శకులు, చరీస్ కాస్ట్రో స్మిత్ సహ దర్శకురాలు, పాటలు లిన్ మాన్యుయెల్ మిరాండావి. మరుసటి ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. కథ కొలంబియా కొండల మధ్యది. చాలా ఏళ్ల కింద ఊరొదిలి పారిపోతుండగా భర్త పెడ్రోను పోగొట్టుకున్న ఆల్మాకు, ఒళ్లో ముగ్గురు పసికందులున్న ఆ క్షణంలో ఆరిపోని కొవ్వొత్తి దక్కింది. దాని మహిమతోనే ప్రాణమున్న ఇల్లు వెలిసింది. ఆ ఇంట ప్రతి పిల్లకూ, పిల్లాడికీ చిన్న వయసులోనే ఒక తలుపు తెరుచుకుంటుంది, ఒక వరం దక్కుతుంది. ఆల్మా కూతుళ్లలో హూలియెటా వంట తింటే గాయాలు మానతాయి. పెపా మనసు ఎలా ఉంటే వాతావరణం అలా ఉంటుంది. పెద్ద మనవరాలు ఇసబెలా నడిచినచోట పూలు పూస్తాయి, లూయీసా గాడిదల్ని భుజాన మోస్తుంది. వాళ్ల చెల్లెలు మిరాబెల్ వంతు వచ్చేసరికి మాత్రం ఆమె ముట్టుకున్న తలుపు మాయమైపోయింది. వరం లేని ఏకైక మనవరాలు ఆమే.

ఈ కథలో ప్రతినాయకుడి పని చేసేది ఒక పగులు. మిరాబెల్‌కు తమ్ముడి వరసైన అంటోనియోకు వరం దక్కిన రాత్రే ఇంటి గోడలు బీటలు వారడం, కొవ్వొత్తి మినుకుమినుకుమనడం ఆమె కంటపడతాయి. కేకలేసి అందరినీ పిలుచుకొస్తే పగుళ్లు కనిపించవు. ఇంటికేమీ కాలేదని అమ్మమ్మ ఆల్మా అందరి ముందూ తేల్చేస్తుంది. ఆ తర్వాత ఒంటరిగా భర్తను తలుచుకుని, పగుళ్లున్నాయని ఒప్పుకుని సాయం అడుగుతుంది. ఈ చిన్న సన్నివేశం కథకులు ఎంత ఆలోచించి పెట్టారో గమనించాలి. అమ్మమ్మ అబద్ధమాడుతోందని మొదటి భాగంలోనే మనకు తెలిసిపోయింది, ఆ అబద్ధం భయంలోంచి పుట్టిందని కూడా తెలిసింది. ఇక ప్రతి పగులూ ఎవరో ఒకరు దాచుకున్న బరువు దగ్గరికి దారి తీస్తుంది. లూయీసా ఎంత బరువైనా మోస్తుంది గానీ, మోయలేని రోజు వస్తే తానెవరన్నది ఆమెకే తెలియదు. దాన్ని ఆమె పాటగా పాడి బయటపెడుతుంది. ఆ వెంటనే ఆమె బలం తగ్గడం మొదలవుతుంది. బలహీనతను ఒప్పుకున్నందుకు కథ వెంటనే బహుమతి ఇవ్వలేదు, పరిస్థితి దిగజారింది. పిల్లల సినిమాలో ఇది సాహసమే. నిజం చెబితే ముందు నష్టమే కలగవచ్చన్నది ఇంట్లో ఎవరికైనా తెలిసిన సంగతే కదా.

ఈ సినిమా ప్రాణం ఇసబెలా గదిలో ఉంది. భవిష్యత్తు చూసే వరమున్న మేనమామ బ్రూనోకు కనిపించిన దాని ప్రకారం మిరాబెల్ అక్క ఇసబెలాను హత్తుకోవాలి, అప్పుడే కొవ్వొత్తి వెలుగు పుంజుకుంటుంది. మిరాబెల్‌కు ఆ అక్కంటే చిన్నప్పటి నుంచీ పడదు. ఆమె అక్కమీద ప్రేమతో వెళ్లడం లేదు, ఇంటిని కాపాడే పని ముగించాలని వెళ్తోంది. చెప్పే క్షమాపణలో కూడా దెప్పిపొడుపే ఉంది. వాదన పెరిగి, ఇసబెలా కోపంలో అసలు మాట అనేస్తుంది: తనకు కుదిర్చిన మారియానోను పెళ్లాడాలని తనకెప్పుడూ లేదు, ఇంటి కోసమే ఒప్పుకుంది. ఆ మాటతో పాటే ఆమె చేతుల్లోంచి ఓ ముళ్ల మొక్క పుట్టుకొస్తుంది, వంకరగా, ఒక పక్కకు ఒరిగి. అంతవరకూ ఆమె పూయించినవన్నీ కొలిచి గీసినట్టుండే గులాబీలు. ఇక్కడ కథకుల క్రమం ఎంత ఖచ్చితంగా ఉందో చూడండి. ముందు నిజం, దాని వెంట వంకర మొక్క, దాని వెంట ఆశ్చర్యం, ఆ తర్వాతే ఆనందం. ‘నువ్వు పరిపూర్ణంగా ఉండనక్కర్లేదు’ అని మిరాబెల్ చెప్పి ఒప్పించదు. ఆ మొక్కను చూసి ఇసబెలాకే ఇంకేం చేయగలనో చూడాలనిపిస్తుంది. పాట ముగిసేసరికి ఆమె బట్టలనిండా రంగుల పుప్పొడి, ఇంటినిండా ముళ్లూ తీగలూ, కొవ్వొత్తిలో వెలుగు. ఇంత గందరగోళం చేసిన రోజునే ఇల్లు కోలుకుంటోందన్నది మన కళ్లతో చూశాం.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ లోపలికి వస్తుంది. ఆమెకు కనిపించింది చెదిరిన ఇల్లు, మాసిన ఇసబెలా, పక్కన మిరాబెల్. నిందంతా చిన్నదాని మీద పడుతుంది. ఈ రెండు సన్నివేశాలూ వెనకా ముందూ అయితే కథ కూలిపోయేది. ముందు అమ్మమ్మ నిందించి, తర్వాత ఇసబెలా మారి ఉంటే, అది అమ్మమ్మ మాట తప్పని రుజువు చేసే మామూలు క్రమం అయ్యేది. ఇక్కడ రుజువు ముందే మన చేతిలో ఉంది. అందుకే మిరాబెల్ ఎదురుతిరిగి, ఎంత చేసినా నీకు ఎవరమూ సరిపోము అన్నప్పుడు మనకది ఆవేశంలా అనిపించదు. కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలంలా అనిపిస్తుంది. ఆ మాటతో కొండ చీలుతుంది, ఇల్లు కూలుతుంది, కొవ్వొత్తి ఆరిపోతుంది, అందరి వరాలూ పోతాయి.

ఒక అభ్యంతరం ఇక్కడే వస్తుంది. ఇసబెలా ముళ్ల మొక్క కూడా అందంగానే ఉంది కదా, ఆమె వరం పెరిగిందే గాని తరగలేదు కదా, దీన్ని లోపమని ఎలా అంటారు? సబబైన ప్రశ్నే. లోపమంటే మొక్కలో ఉన్న వంకర మాత్రమే అనుకుంటే జవాబు లేదు. నా దృష్టిలో ఈ కథలో అసలు లోపం మిరాబెల్‌ది, అది వరం లేకపోవడం కూడా కాదు. ఇంటిని కాపాడితే తన చోటు తనకు దక్కుతుందన్న ఆశ ఆమెది. సినిమా మొదటి పాటలో ఇంట్లో ప్రతి ఒక్కరి గొప్పా పాడుతుంది, ఊరి పిల్లలు మరి నీ సంగతేమిటని అడిగిన ప్రతిసారీ మాట దాటేస్తుంది. అంటోనియో వేడుకలో కుటుంబమంతా ఫొటో దిగుతుంటే ఎవరూ ఆమెను పిలవరు. అక్కడ మొదలయ్యే ఆమె పాట మూడు మాత్రల లయలో సాగుతుంది, తానూ ఏదో ఒకటి చేసి చూపించాలన్న దాహంతో. విలువను పనితో సంపాదించుకోవాలన్నది అమ్మమ్మ పెట్టిన నియమం. దానికి బాధితురాలైన పిల్లే దాన్ని మనసారా నమ్మింది. కథానాయికను నిర్దోషిగా నిలబెట్టకుండా అదే జబ్బు ఆమెలోనూ చూపించడం వల్లే ఈ సినిమాకు లోతు వచ్చింది. బ్రూనో సంగతీ అంతే. వెళ్లిపోయాడనుకున్న మనిషి ఏళ్లుగా గోడల వెనకే ఉండి, చీకట్లో పగుళ్లకు పూత పూస్తున్నాడు. భోజనాల బల్లకు ఆనుకున్న గోడ వెనక తన కోసం ఒక పళ్లెం గీసుకుని, అక్కడే కూర్చుని తింటున్నాడు. పగులు పూడ్చడం వేరు, మాన్పడం వేరు అని ఈ సినిమాలో ఎవరూ అనరు. ఆ పూత, గీసిన ఆ పళ్లెం ఆ పని చేసేశాయి.

రెండో అభ్యంతరం అమ్మమ్మ గురించి. ఇన్నేళ్లు మనవరాలిని పరాయిదాన్ని చేసిన మనిషిని ఇల్లు కూలాక వచ్చే ఒక్క నది ఒడ్డు సన్నివేశంతో ఎలా క్షమిస్తారని చాలామంది అడుగుతారు. పెద్దల మాట దాటని ఇళ్లలో పెరిగిన వారికి ఈ కోపం ఇంకా బాగా అర్థమవుతుంది. నేను మాత్రం సినిమా వైపే నిలబడతాను, ఎందుకంటే క్షమాపణకు పునాది మొదటి నిమిషంలోనే పడింది. అప్పుడు అమ్మమ్మ చిన్నారి మిరాబెల్‌కు కొవ్వొత్తి కథ చెబుతుంది. పెడ్రో పోయిన సంగతి అందులో ఉంది, కానీ కథ బరువంతా అద్భుతం మీదే. అదే సంఘటన నది ఒడ్డున రెండోసారి వస్తుంది. ఈసారి మాటల్లేవు, స్పానిష్ పాట ఒక్కటే. పెళ్లి, పిల్లలు, తరుముకొచ్చిన గుర్రపు రౌతులు, వాళ్లకు ఎదురెళ్లిన భర్త, మోకాళ్ల మీద కూలిపోయిన ఆడమనిషి. ఆ రౌతులెవరో సినిమా చెప్పదు. ఉన్న ఇళ్లు వదిలి పారిపోయిన కుటుంబాలు కొలంబియా చరిత్రలో తక్కువేం కాదు కాబట్టి చెప్పనక్కర్లేదు కూడా. ఒకే సంఘటనను మొదట వరంగానూ, తర్వాత నష్టంగానూ చూపించడంతో మనకు ఒక కారణం తెలిసింది. మళ్లీ ఇల్లు పోతుందన్న భయంతోనే ఆమె అందరినీ తప్పు లేకుండా ఉండమంది. కారణం తెలిస్తే తప్పు చెరిగిపోతుందా అంటే పోదు. అందుకే ఆమె చేత కథకులు కారణం ఒక్కటే చెప్పించి వదిలేయలేదు, ఇల్లు విరిగింది తన వల్లేనని కూడా ఒప్పించారు. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ల నోట రాని మాట అది, చిన్నవాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూసే మాట.

మూడో అభ్యంతరానికి నా దగ్గర సగమే జవాబుంది. చివర్లో వరాలన్నీ తిరిగొచ్చేస్తాయి. వరం లేకున్నా మనిషి మనిషే అన్న కథ అందరికీ వరాలు పంచి ముగిస్తే, అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు కాదా? సమర్థించేవాళ్లు క్రమాన్ని చూపిస్తారు. ముందు ఊరి జనం, ఇంటి జనం కలిసి మామూలు చేతులతో ఇల్లు కట్టారు. కొత్త తలుపు పిడిని మిరాబెల్ బిగించాకే ఇంటికి ప్రాణం వచ్చింది. అప్పటికీ ఆమెకు వరం రాలేదు, అయినా కుటుంబం ఫొటోలో మధ్యన నిలబడింది. ఇదంతా నిజమే, మిరాబెల్‌కు చివరిదాకా వరం ఇవ్వకుండా నిగ్రహించుకున్నందుకు ఆ రచయితలంటే నాకు గౌరవం. కానీ వరాల్లేని కాలం ఒక్క పాటంత సేపే ఉంది, అది చాలదు. ఇల్లు కూలడం దాకా ప్రతి మార్పుకూ ఫలితాన్ని ఓపికగా చూపించిన సినిమా, అన్నిటికంటే పెద్ద మార్పు దగ్గర తొందరపడింది. లూయీసా మోయలేని బరువు పక్కన పెట్టి కూర్చున్న పూట ఎలా గడిచింది? మబ్బు పట్టని ఆకాశం కింద పెపా ఎలా ఏడ్చింది? హూలియెటా వండిన రొట్టె తిన్నా గాయం మానకపోతే, ఆ రొట్టెను మళ్లీ అడిగి తిన్నదెవరు? ఇల్లు కట్టే పాటకూ, పిడి బిగించే ఘట్టానికీ మధ్య వరాల్లేని ఆ కుటుంబం ఒక్కపూట అందరూ కలిసి భోంచేసే సన్నివేశం ఉండాలి. గోడ వెనక పళ్లెం గీసుకున్న బ్రూనోకు నిజమైన పళ్లెం పెట్టే సన్నివేశం కూడా అదే అయ్యేది. నాలుగు నిమిషాలు పెరిగినా పిల్లలు కదలకుండా చూసేవాళ్లని నా నమ్మకం.