బీటల సాక్ష్యం

కడప జిల్లా వేంపల్లె పేరుతో పిలిచే రాతి పొరల్లో, బోర్లించిన గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న వంపులు కనిపిస్తాయి. ఇవి స్ట్రోమటోలైట్లు. ఎండ తగిలే నీళ్లలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని, సన్నటి సున్నపు బురదను పట్టి ఉంచుతూ పొర మీద పొర కట్టిన గుర్తులు. వయసు 188 కోట్ల ఏళ్లకు పైనే. వీటిని చూడగానే ‘ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది’ అని చెప్పేయడం అలవాటైపోయింది. మాట నిజమే కావచ్చు గానీ, వంపు ఒక్కటే చాలదు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల ఏళ్ల స్ట్రోమటోలైట్లు దొరికాయని 2016లో ఒక బృందం ప్రకటించింది. రాయి నలిగి వంగడం వల్లే ఆ ఆకారాలు వచ్చాయని 2018లో మరో బృందం వాదించింది. ఆకారం అంత తేలిగ్గా మోసం చేస్తుంది.

నా దృష్టిలో అసలు సాక్షులు వాటి పక్కనున్న సాదాసీదా గుర్తులే. ఎండిన చెరువు అడుగులో కనిపించేలాంటి బీటలు వేంపల్లె పొరల్లోనూ ఉన్నాయి. లోతు నీళ్ల కింద బురద ఎండి పగలదు కదా! ఉప్పు స్ఫటికాలు కరిగిపోగా మిగిలిన చదరపు అచ్చులూ ఉన్నాయి. అంటే నీళ్లు ఆవిరై ఉప్పు పేరుకున్న చోటు. ఉప్పు సరస్సులోనూ ఇలా జరుగుతుంది కదా అంటే, జరుగుతుంది. అయితే ఈ పొరలు చిన్న గుంటకు పరిమితం కాకుండా పదుల కిలోమీటర్ల మేర సాగుతాయి. అందుకే ఆటుపోట్ల అంచునున్న చదునైన తీరమన్న వివరణే నాకు బలంగా కనిపిస్తుంది.

మరి లోతులేని నీళ్లలో వెయ్యి మీటర్లకు మించిన మందం ఎలా పేరుకుంది? అడుగు నెమ్మదిగా కుంగుతూ పోతే, పైన నీటి లోతు పెరగకుండానే పొరలు పెరుగుతాయి. మందం లోతుకు కొలత కాదు. ఇక చివరి అభ్యంతరం గట్టిదే: ఈ రాయి ఇప్పుడు సున్నపురాయి కాదు, డోలమైటు. మెగ్నీషియం చేరి దాని రసాయనం మారిపోయింది. అయినా బీటల గీతలూ, ఉప్పు అచ్చులూ చెరిగిపోలేదు. కాబట్టి లోతు గురించి ఈ రాయి చెప్పేది నమ్మవచ్చు. ఆ నీళ్లు ఎంత వెచ్చగా ఉండేవని అడిగితే మాత్రం, రాయిలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తితో కట్టే ఉష్ణోగ్రత లెక్కల మీద ఆధారపడకూడదు; రసాయనం మారినప్పుడు ఆ నిష్పత్తీ మారి ఉండవచ్చు.