బిట్‌కాయిన్ వ్యాసమున గోప్యతా ప్రకరణము

సతోషి నకమోతో అను మారుపేరుతో 2008లో వెలువడిన బిట్‌కాయిన్ వ్యాసము తొమ్మిది పుటలది. అందు పదవ ప్రకరణము గోప్యతను గూర్చినది. పద్దులెల్ల లోకమునకు తెరచియుంచి, యజమాని పేరు మాత్రము దాచిన చాలునని గ్రంథకర్త మతము. ప్రతి వ్యవహారమునకును క్రొత్త చిరునామా వాడవలెనను హితవును గలదు. అయితే పలు చిరునామాలలోని సొమ్మును ఒక్క చెల్లింపున కూర్చినచో అవి యన్నియు ఒక్కరివే యని తేలిపోవుననియు, పేరొకటి బయటపడిన మిగిలిన వ్యవహారములును బయటపడవచ్చుననియు రెండే వాక్యములలో చెప్పి విడిచెను. ఒప్పుకొనుట మెచ్చదగినదే, కాని అసలు చిక్కునకు అంత స్వల్పస్థానమా? ఒకే చిరునామాను నలుగురికి ఇచ్చు సామాన్యుని నిల్వ యెంతయో ఆ నలుగురును చూడగలరు గదా! 2016లో బిట్‌ఫినెక్స్ నుండి అపహృతమైన నాణెములు పెక్కు చిరునామాల గుండ చీలి తిరిగినను, ఆ చెరగని పద్దుల జాడను వెంబడించి 2022లో అమెరికా ప్రభుత్వము 94,000కు పైగా నాణెములను స్వాధీనము చేసికొనెను.