బొమ్మ పక్కన చీటీ

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆధునిక చిత్రకళకి దర్బారు లాంటిది. అక్కడ జాగా దొరికినవాడే ఆధునికుడు. అయిదో అంతస్తులో కొలువు పికాసో, మాతిస్‌లది. 2017 జనవరి 27న ట్రంప్, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఏడు దేశాల వాళ్ళని అమెరికాలోకి రానివ్వొద్దని ఉత్తర్వు తెచ్చాడు. వారం తిరక్కముందే మ్యూజియం వాళ్ళు యూరప్ పెద్దల బొమ్మలు కొన్ని దించి, ఇరాన్, ఇరాక్, సూడాన్ కళాకారుల పనులు పెట్టారు. చూడ్డానికెళ్ళిన వాళ్ళకి ప్రతి బొమ్మ పక్కనా ఒక చీటీ: ఈ కళాకారుడి దేశస్తులకి అమెరికాలో ప్రవేశం లేదు, స్వాగతాన్నీ స్వేచ్ఛనీ చాటడానికే దీన్నిక్కడ ఉంచాం అని.

మంచి పనే, కాదనను. అయితే అవి కొత్తగా కొన్న బొమ్మలు కావు, మ్యూజియం సొంత ఆస్తే. పికాసో పక్కన జాగా దొరకడానికి ట్రంప్ రావలసి వచ్చిందా?

ఆ చీటీ కింద చేరినవాళ్ళని చూడండి. జహా హదీద్ బాగ్దాద్‌లో పుట్టింది గానీ బ్రిటిష్ పౌరురాలు, 2016లోనే చనిపోయింది. ఆమెని ఏ విమానాశ్రయంలో ఆపుతారు? మట్టితో చిత్రాలు చేసిన మార్కోస్ గ్రిగోరియన్ అర్మీనియన్. రష్యాలో పుట్టి ఇరాన్‌లో పెరిగాడు. ముస్లిం కూడా కాదు. ట్రంప్ గీసిన గీతనే మ్యూజియమూ దిద్దింది, ప్రేమగానే అనుకోండి.

ఇబ్రహీం ఎల్-సలాహీ 'మసీదు' 1964 నాటిది. లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, సూడాన్ తిరిగొచ్చి ఖార్తూమ్‌లో ప్రదర్శన పెడితే జనం పట్టించుకోలేదు. తన జనానికి ఏ బొమ్మ దగ్గరిదో వెతుక్కుంటూ దేశం తిరిగాడు. చిత్రం మూల చిన్నగా అరబ్బీ అక్షరాలు రాయడం మొదలెట్టాడు. జనం దగ్గరకొచ్చారు. ఆ తర్వాత అక్షరాన్నే విరగ్గొట్టాడు. విరిగిన చోటునుంచి మొహాలు, జంతువులు, మొక్కలు పుట్టుకొచ్చాయి. అలీఫ్ బే దిద్దుకున్న మనవాళ్ళకి ఆ విరవడానికి ఎంత గుండె కావాలో తెలుసు. 1975లో ఆయన్ని విచారణ లేకుండా జైల్లో పెట్టింది అమెరికా కాదు, సూడాన్ ప్రభుత్వమే. ఇదంతా చీటీలో ఎక్కడ పడుతుంది?

తెలుగులో మన సంగతీ ఇంతే. 1992 డిసెంబర్ 6 తర్వాత, 2002 గుజరాత్ తర్వాత సంకలనాలకి ముస్లిం కవి కావలసివచ్చాడు. గాయం చూపిస్తేనే జాగా. కొట్లాడి తెచ్చుకున్న జాగా అది, ఈ పుస్తకమూ అందులో ముక్కే. కానీ ఏ మంటా లేని ఏడాది, అమ్మీ వండే కద్దూ ఖీర్ మీదో, ఎదురింటి పిల్ల మీదో కవిత రాసి పంపితే 'ఇందులో ముస్లిం ఏముంది?' అని అడిగిన సంపాదకుడు నాకు తెలుసు. ఆయన మతతత్వవాదేం కాదు. మన సభలకి ముందు వరసలో కూచునేవాడే.