బోర్డు పనిచేయడం లేదంటే చాలదు
సరదాకి ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు ఎవరినైనా సలహా అడిగేటప్పుడు ముందు చెప్పాల్సింది అసలు పనేమిటన్నది. తమిళనాడులోని ధర్మపురి లాంటి మెట్ట జిల్లాలో సహజంగా తట్టే ప్రాజెక్టు ఒకటుంది: నేల ఆరగానే బోరు మోటారు దానంతటదే ఆన్ కావడం. అడిగేవాళ్లు మాత్రం రిలే ఎందుకు టక్కుటక్కుమంటోందని అడిగి ఊరుకుంటారు. మోటారు మాట వినని సలహాదారు రిలే మార్చి చూడమంటాడు. వింటే అసలు దారే మారుస్తాడు. ఆ చిన్న నీలం రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులని ఉంటుంది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అందుకే రిలేతో స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి. నేలలో గుచ్చే రెండు కాళ్ల సెన్సర్‌కు ఎప్పుడూ కరెంటు ఇస్తూంటే కొద్ది రోజుల్లోనే తుప్పు తినేస్తుంది. రీడింగ్ తీసేటప్పుడే ఇవ్వాలి, లేదా కెపాసిటివ్ రకం కొనాలి.

తర్వాత చెప్పాల్సినవి వోల్టులు. ఆర్డుయినో ఊనో బోర్డు 5 వోల్టులది, ఈఎస్‌పీ8266 3.3 వోల్టులది. ట్యాంకులో నీటిమట్టం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎకో పిన్ 5 వోల్టులు పంపుతుంది. దాన్ని ఈఎస్‌పీకి కలిపేటప్పుడు మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే అది 3.3 దగ్గరకు దిగుతుంది. వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ బోర్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. సప్లై బలహీనమైతే రీసెట్ అవుతుంది. పాపం, నింద కోడ్ మీద పడుతుంది! మల్టీమీటర్ రీడింగ్ లేకుండా అడిగిన హార్డ్‌వేర్ ప్రశ్నకు వచ్చేది ఊహే, జవాబు కాదు.

ప్రోగ్రామ్ సంగతికొస్తే, మొత్తం కోడ్ ఎదుటివాళ్ల ముందు కుమ్మరించకూడదు. తప్పు కనిపించేంత మేరకే కుదించాలి. ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు రాయాలి. బోర్డు అసలు కంప్యూటర్‌కు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చాలి, చార్జింగ్‌కే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లు బోలెడు.

ఎవరిని అడగాలి? విడిభాగాలకు పెద్ద బజార్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్. ధర్మపురికి బెంగళూరే దగ్గర, జాతీయ రహదారి 44 మీద నేరుగా పోవచ్చు. అయితే కౌంటర్ దగ్గర రద్దీలో పార్టు నంబర్ చెబితే పార్టు దొరుకుతుంది, పాఠం దొరకదు. పాఠానికి ధర్మపురి, బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు నయం. టంకం సరిగా పట్టని చోటు పట్టుకోవడంలో పాత టీవీ మెకానిక్‌ను మించినవాడు లేడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, డేటాషీట్‌లో ఇంగ్లిషు అయిన కుర్రాళ్లు ఏ భాషలో అడిగినా ఫరవాలేదు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. మోటారు వైపు ఉండే 415 వోల్టుల త్రీఫేజ్ సంగతి మాత్రం వీళ్లెవరినీ అడగకూడదు. ఆ తీగలు లైసెన్సున్న ఎలక్ట్రీషియనే కలపాలి.