గబ్బిలానికి అడ్డురాని గడప: అణచివేత చర్చలో ప్రివిలేజ్ భావన

అణచివేతను గురించిన సాహిత్య చర్చ తరచుగా పీడకుడు, పీడితుడు అన్న ఇద్దరి చుట్టూనే తిరుగుతుంది. ఎవరినీ స్వయంగా పీడించకుండానే, పీడితునికి నిరాకరించిన దానిని అనుభవించే స్థానం ఒకటి మిగిలిపోతుంది. ప్రివిలేజ్ అన్న భావన ఈ స్థానాన్ని గుర్తిస్తుంది. అధికారం, హక్కు, ఆధిక్యత అన్న పదాలేవీ దీనికి సరిగా అతకవు. అడగకుండా దక్కి, దక్కిన సంగతైనా తోచనివ్వని వెసులుబాటు ఇది.

జాషువా 'గబ్బిలం' (1941) కావ్యాన్ని ఈ కోణంలో చదవవలసి ఉంది. కాళిదాసు మేఘుని స్థానంలో గబ్బిలాన్ని నిలపడంలోని ఔచిత్యాన్ని విమర్శకులు తగినంతగానే చర్చించారు. అయితే యక్షునికి అడ్డు దూరం. అరుంధతీసుతునికి దూరంతోపాటు గడప కూడా అడ్డు. కనుక అతని దూతకు గుడిలోకి ప్రవేశం ఉండి తీరాలి. గబ్బిలం అస్పృశ్యతను కల్పించలేదు, సమర్థించలేదు. పైగా లోకం దానిని అపశకునంగా చూస్తుంది. అయినా గర్భగుడిలో దానికి చోటుంది. తాను చిన్నచూపుకు గురవుతున్నంత మాత్రాన మరొకరికి లేని వెసులుబాటు తనకు లేకుండా పోదని ఈ కల్పన నిరూపిస్తున్నది. స్త్రీవాదాన్ని దళిత రచయిత్రులు నిలదీసినప్పుడు లేవనెత్తిన ప్రశ్న సారాంశం కూడా ఇదే. పీడకుడు, పీడితుడు అన్న జంట పదాలతో ఆ ప్రశ్నను అడగడమే కష్టం.

ఈ భావనకు పరిమితి కూడా ఉంది. గబ్బిలం గుడికి వెళ్లడం మానుకున్నా అరుంధతీసుతునికి తలుపు తెరుచుకోదు. రచయిత పుట్టుకను పేర్కొని, అతని నుంచి ఒక ఒప్పుకోలును రాబట్టి ఊరుకునే విమర్శ (ఇటీవల ఇది పెరుగుతున్నది) ఆ తలుపు దాకా రాదు. మద్రాసు రాష్ట్రంలో 1939 నాటి ఆలయ ప్రవేశ చట్టం, భక్తులలో సాధారణంగా వ్యతిరేకత లేదని ధర్మకర్తలు భావిస్తే, ప్రభుత్వ ఆమోదంతో గుడి తెరవడానికి వీలు కల్పించింది. అంటే నిర్ణయం లోపలివారి చేతిలోనే ఉండిపోయింది. ప్రవేశాన్ని హక్కుగా గుర్తించిన చట్టం 1947లో గాని రాలేదు. కావ్యం వెలువడినది ఈ రెండింటి నడుమ.

అరుంధతీసుతుడు గబ్బిలం నుంచి పశ్చాత్తాపం కోరడు. దానికి శివుని చెవి చేరువ కనుక, తన కథను అక్కడ వినిపించమంటాడు. అదీ పూజారి లేని సమయం చూసి.